సజీవమైన ఎరతో చెరువు చేపలను పట్టుట

గాలము వేసి వట్టి చేతులతో ఇంటికి వచ్చినవారిని ఒక ప్రశ్న అడిగి చూడుడు: "మీ ఎర నీటిలో ఎంతసేపు బ్రతికి యున్నది?" దీనికి సమాధానము చెప్పగలవారు అరుదు. ముల్లు పదునైనదా, దారము గట్టిదా, చెరువులో అసలు చేప ఉన్నదా అని ఆలోచింతురు గాని, కుండలో తెచ్చిన పరిగెలలో సగము దారిలోనే చచ్చిన సంగతిని లెక్కలోనికి తీసికొనరు. చచ్చిన పరిగెను ముల్లుకు గ్రుచ్చి, కొర్రమీను కొరకు రెండు గంటలు గట్టుమీద కూర్చుండుట వలన ప్రయోజనము లేదు.

అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: "మిగిలిన ఎరను ఏమి చేసితిరి?" మొదటి ప్రశ్నపై ఆ పూట కూర ఆధారపడి యుండును. రెండవ ప్రశ్నపై ఆ చెరువులో రాబోవు సంవత్సరముల చేప ఆధారపడి యుండును. ఈ రెండు విషయములను రైతు సోదరులకును, గ్రామాధికారులకును వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఏ చేపలకు సజీవమైన ఎర కావలెను?

మనము చెరువులలో పెంచు బొచ్చె, శీలావతి, యర్రమోసు చేపలు ఇతర చేపలను వేటాడి బ్రతుకునవి కావు. బొచ్చె నీటి పైభాగమున, శీలావతి నడిమి భాగమున, యర్రమోసు అడుగున తమ ఆహారమును వెదకుకొనును. నీటిలోని సూక్ష్మజీవులు, నాచు, క్రుళ్లిన ఆకు అలము వీటికి ఆహారము. గాలముతో పట్టదలచినచో వీటికి తవుడు, పిండి ముద్దలు చాలును.

వేటాడి తిను చేపలు వేరు. కొర్రమీను, దాని జాతికే చెందిన పూమీను, మట్టగిడస, నదులలోను జలాశయములలోను పెరుగు వాలుగ వీటిలో ముఖ్యమైనవి. కొర్రమీనును కొన్ని చోట్ల కొర్రమట్ట అందురు. ఇది గుర్రపుడెక్క, తామరాకు, తుంగ వంటి మొక్కల నీడలో కదలక పొంచి యుండును. ఎదుట ఏదైన కదలినచో ఒక్క ఊపున వచ్చి పట్టును. దాని కన్ను కదలికను కనిపెట్టును. దాని ప్రక్కలనున్న గీత నీటిలో పుట్టు సన్నని అదురును కూడ గ్రహించును. కదలని వస్తువు ఎదుట నున్నను అది చాలసార్లు పట్టించుకొనదు. అందుచేతనే కొర్రమీనుకు ఎర బ్రతికి యుండవలెను.

వాలుగ రాత్రివేళ తిరుగు చేప. పొడవైన మీసములతో తడవుచు, వాసనను, అదురును పట్టి ఎరను చేరును. జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు బురద అడుగున మీసములతోనే తిండిని వెదకును. వీటికి వానపాము మంచి ఎర. అడుగు చేపలు చచ్చిన ఎరను కూడ తినును గాని, కదలు ఎరను త్వరగా కనిపెట్టును.

ఎరల ఎంపిక

1. చిన్న పరిగెలు: కొర్రమీనుకు, వాలుగకు ఇవి మేలైన ఎర. కొర్రమీనుకు వ్రేలెడు పొడవున్నవి చాలును. వాలుగకు కొంచెము పెద్దవి వాడవచ్చును. ఏ చెరువులో గాలము వేయుదురో ఆ చెరువులోనే, లేక ఆ చెరువునుండి పారు కాలువలోనే వీటిని పట్టవలెను. కారణము ముందు తెలియగలదు.

2. మిడుతలు, కీచురాళ్లు: వర్షకాలమున గట్లమీది గడ్డిలో దొరకును. కొర్రమీను పిల్లదశ దాటినది మొదలు వీటిని ఇష్టముగ తినును. తెల్లవారుజామున మంచుకు తడిసి చురుకుదనము తగ్గి యుండును గనుక ఆ వేళ పట్టుట సులువు. పురుగుల మందు చల్లిన పొలములో పట్టరాదు.

3. వానపాములు: వీటినే ఎర్రలందురు. పాత పెంటదిబ్బల అంచున, నీడగల తడినేలలో దొరకును. వీటికొరకు వరిచేను గట్లను త్రవ్వరాదు. ఎర్రల కొరకు త్రవ్విన గట్టు తరువాతి వానకు గండి పడును. అదియు గాక, నేలను గుల్లచేసి పైరుకు మేలు చేయు వానపామును పొలమునుండి తీసివేయుట మన చేనికి మనమే నష్టము చేసికొనుట.

4. చిన్న రొయ్యలు: కాలువలలోను, నాచు పట్టిన రాళ్ల చెంతను దొరకును. జెల్లలకు, మట్టగిడసలకు మంచివి. ముల్లుకు గ్రుచ్చునపుడు తోక వైపున గ్రుచ్చవలెను. తలలో నల్లగా కనిపించు చోట ముఖ్యమైన అవయవము లుండును. అచ్చట గ్రుచ్చినచో వెంటనే చచ్చును.

ఇక కప్ప సంగతి. కొర్రమీనుకు చిన్న కప్పను ఎరగా కట్టుట మన పల్లెలలో పాత అలవాటే. కప్ప నీటిపై ఈదుచుండగా కొర్రమీను వచ్చి పట్టుట నిజమే. కాని వ్యవసాయ శాఖలో పని చేయువాడనగుటచే ఈ ఎరను వాడుమని నేను చెప్పజాలను. వరిపొలములో కప్ప రాత్రింబవళ్లు పురుగులను తినుచుండును. అందుకు మనము కూలి ఇయ్యము, మందు కొనము. కప్ప కాళ్లను విదేశములకు ఎగుమతి చేయుటను భారత ప్రభుత్వము 1987లో నిషేధించినది. విదేశముల వారికి అమ్ముట మానిన దానిని మన గాలమునకు మాత్రము బలి యేల ఇయ్యవలెను? పెద్ద మిడుతను గాని, చిన్న పరిగెను గాని వాడినచో కప్ప అవసరము ఉండదు.

ఎరను బ్రతికించుట

అసలైన పని ఇచ్చటనే యున్నది. పరిగె మొప్పలతో నీటిలో కరిగియున్న ప్రాణవాయువును పీల్చుకొని బ్రతుకును. నీరు వేడెక్కిన కొలది ఈ ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల వేడి గల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడి యుండగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఇమడదు. వేడిలో చేపకు ప్రాణవాయువు మరింత ఎక్కువగా కావలసి యుండును. అనగా ఎండలో పెట్టిన బిందెలో అవసరము పెరుగుచుండగా సరఫరా తగ్గుచుండును. చేపలు నోళ్లు తెరచి పైకి వచ్చుట దీని గుర్తు. అట్టి పరిగెను ముల్లుకు గ్రుచ్చినను అది నీటిలో నాలుగు నిమిషములు ఈదదు.

కావున ఈ దిగువ విషయములను పాటింపవలెను.

ఇత్తడి బిందెకంటె, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాకంటె మట్టికుండ మేలు. కుండ గోడలనుండి నీరు చెమర్చి ఆరుచుండుటచే లోపలి నీరు చల్లగా నుండును. చుట్టును తడి గోనెపట్టా చుట్టినచో మరింత చల్లబడును. కుండ మూతి వెడల్పుగా నుండవలెను. గాలి తగులు నీటి మట్టము ఎంత విశాలముగా నున్న ప్రాణవాయువు అంతగా నీటిలో చేరును. మూతికి తడిగుడ్డ వదులుగా కట్టవలెను.

చేపలను క్రిక్కిరియ నింపరాదు. పది పరిగెలు కావలసినచోట నలువది పట్టి కుండలో వేసినచో నలువదియు చచ్చును. చచ్చిన దానిని వెంటనే తీసి పారవేయవలెను. అది క్రుళ్లుచు మిగిలిన వాటి ప్రాణవాయువును హరించును.

నీటిని ఒక్కసారిగా మార్చరాదు. నాలుగవ వంతు తీసి, అంతే చెరువు నీటిని మెల్లగా పోయవలెను. కుళాయి నీటిలో క్లోరిన్ ఉండును. దానిని నేరుగా పోసినచో పరిగెలు చచ్చును. అట్టి నీరు తప్ప వేరు లేనిచో ముందురోజు రాత్రి వెడల్పు పాత్రలో తెరచియుంచి తెల్లవారిన తరువాత వాడవలెను.

చేపను పొడిచేతితో పట్టరాదు. దాని ఒంటిమీది జిగురు పొర ఊడినచో అది నీరసించును, తెగుళ్లకు లోనగును. చేతిని ముందుగా తడుపుకొనవలెను.

వీటన్నిటికంటె సులువైన మార్గ మొకటి కలదు. సన్నని అల్లిక గల వెదురుబుట్టకు మూతకట్టి, సగము మునుగునట్లు ఆ చెరువు నీటిలోనే నీడపట్టున ఉంచి, ఎరలను అందులో వేయవలెను. నీరు లోనికి, వెలుపలికి వచ్చిపోవుచుండును. కుండతో పని లేదు. గాలమువేయు చెరువులోని ఎరనే వాడువారికి మాత్రమే ఈ సౌకర్యము గలదు.

వానపాముల నిలువకు తడి మట్టిలో ఎండుటాకులు కలిపి పాతకుండలో నింపి నీడలో నుంచవలెను. మట్టి పిడికిట పిండిన నీరు కారనంత తడి యుండిన చాలును. ఉప్పుగాని, బూడిదగాని తగిలినచో అవి చచ్చును. వాడుటకు ఒక దినము ముందు తడి గోనెసంచిలో నుంచినచో కడుపులోని మట్టి పోయి, తోలు గట్టిపడి, ముల్లుమీద ఎక్కువసేపు నిలుచును.

ముల్లుకు గ్రుచ్చు విధము

ముల్లు ఎరకు బరువు కారాదు. చిన్న పరిగెకు పెద్ద ముల్లు గ్రుచ్చినచో అది అడుగునకు క్రుంగిపోవును. ముల్లు మొన ఎర శరీరములో దాగి యుండరాదు. వెలుపలికి రావలెను. లేనిచో చేప పట్టినను ముల్లు దాని నోటికి నాటుకొనదు.

పారు నీటిలో, అనగా కాలువలోను ఏటిలోను, పరిగెను పై పెదవికి గ్రుచ్చవలెను. అప్పుడది ప్రవాహమునకు ఎదురుగా తలపెట్టి సహజముగ ఈదును. నిలువనీటిలో వీపు రెక్కకు దిగువ, చర్మము క్రిందుగా పైపైన గ్రుచ్చవలెను. వెన్నెముకకు తగులరాదు. తగిలినచో తోక ఆడదు. తోక ఆడని పరిగె చచ్చిన పరిగెతో సమానము.

మిడుతను తల వెనుకనున్న గట్టి కవచము క్రిందుగా గ్రుచ్చవలెను. పొట్టను పొడువరాదు. వానపామును ఒకటి రెండు చోట్ల మాత్రమే గ్రుచ్చి రెండు కొసలను వ్రేలాడనియ్యవలెను. ముల్లు చుట్టును ఉండగా చుట్టినచో కదలిక ఉండదు.

కొర్రమీనుకును, వాలుగకును నోటినిండ పదునైన పండ్లు గలవు. ముల్లుకు పైన జానెడు సన్నని తీగ గాని, మందమైన నైలాను దారము గాని కట్టినచో తెగకుండును.

నీటిలో వేయుట, లాగుట

కొర్రమీను గాలి పీల్చు చేప. మొప్పలతో మాత్రమే అది బ్రతుకజాలదు. మధ్య మధ్య నీటిపైకి వచ్చి గాలిని మ్రింగి పోవలెను. గాలము వేయుటకు ముందు గట్టున నిశ్శబ్దముగ నిలిచి పది పదునైదు నిమిషములు నీటిని చూడుడు. మొక్కల అంచున నీరు కదలి, బుడగ లేచి, వలయము విస్తరించిన తావు కనిపించినచో అచ్చట కొర్రమీను గలదు. ఆ తావునకు బారెడు దూరమున ఎరను మెల్లగా దింపవలెను. నడినెత్తిన విసరినచో బెదరి పోవును.

బెండును కట్టునపుడు ఎర నీటిమట్టమునకు జానెడు మొదలు మూరెడు లోతున నుండునట్లు చూచుకొనవలెను. జెల్లలకు, మార్పులకు ఎర అడుగును తాకుచుండవలెను. వాలుగకు అడుగునకు కొంచెము పైగా నుండవలెను. వేకువయు, సాయంసంధ్యయు కొర్రమీనుకు మంచివేళలు. మిట్టమధ్యాహ్నము అది దట్టమైన నీడలోనికి పోవును. వాలుగకు చీకటిపడిన తరువాత వేయవలెను. రాత్రివేళ నీటి అంచున ఒంటరిగా నుండరాదు. పాములు, జారుడు గట్లు మరువరాదు.

ఎర పది నిమిషములకొకసారి ఎట్లున్నదో చూడవలెను. నీరసించిన దానిని తీసి మరియొక దానిని కట్టవలెను. బుట్టలో ఎర యుండగా చచ్చిన ఎరను నీటిలో నుంచుట సోమరితనము.

కొర్రమీను పరిగెను మొదట అడ్డముగ కరచి, పిమ్మట తలవైపు త్రిప్పుకొని మ్రింగును. బెండు మునిగిన తక్షణమే లాగినచో ఎర మాత్రమే చేతికి వచ్చును. బెండు మునిగి, దారము ఒకవైపునకు నిదానముగ పోవ నారంభించినపుడు లాగవలెను. మిడుతను ఎరగా వేసినపుడు ఇంత ఆగ నవసరము లేదు. మరీ ఎక్కువసేపు ఆగినచో ముల్లు గొంతులోనికి దిగును. అట్టి చేపను విడువదలచినచో ముల్లును పెరుకరాదు. నోటిదగ్గర దారమును కోసి విడువవలెను.

కొర్రమీనును ప్రాణముతో అమ్మినచో మంచి ధర వచ్చును. ఇంటికి తెచ్చునపుడు దాని గాలి అవసరమును గుర్తుంచుకొనవలెను. పాత్రలో చేప మునుగునంత నీరు పోసి, పైన ఖాళీ విడిచి, చిల్లులుగల మూత పెట్టవలెను. అంచువరకు నీరు నింపి మూత బిగించినచో నీటిలోనే ఊపిరాడక కొర్రమీను చచ్చును. చేప నీటిలో మునిగి చచ్చునా అని నవ్వువారు ఒకసారి పోగొట్టుకొని నేర్చుకొందురు.

మిగిలిన ఎరను ఏమి చేయవలెను?

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక గ్రామమునకు వరి తెగుళ్లు చూడబోయితిని. చెరువుగట్టున ఒక పెద్దమనిషి గాలము ముగించి, కుండలోని పరిగెలను చెరువులో కుమ్మరించుచుండెను. "ఎక్కడి పరిగెలండీ ఇవి?" అని అడిగితిని. "మా అల్లుడి ఊరి చెరువులోవి బాబూ. మిగిలినవాటినైనా బ్రతకనిస్తే పుణ్యం గదా" అనెను. ఆయన దయను తప్పు పట్టలేకపోతిని. ఆ చలికాలముననే ఆ చెరువులో కొర్రమీనులు ఒంటినిండ ఎర్రని పుండ్లతో నీటిపై తేలినవి. ఆ కుండలోని పరిగెలే ఆ రోగమును తెచ్చినవని నేను రుజువు చేయజాలను. కాని అది వచ్చు దారులలో అదియొక దారి యని మాత్రము గట్టిగా చెప్పగలను.

ఈ పుండ్ల వ్యాధి మన దేశమున 1988లో ఈశాన్య రాష్ట్రములలో కనిపించి, పిమ్మట కొద్ది సంవత్సరములలోనే ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. నీటి బూజు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి దీనికి మూలము. మొదట ఒంటిమీద ఎర్రని మచ్చలు, పిమ్మట లోతైన పుండ్లు ఏర్పడును. నీరు చల్లబడు కాలమున దీని ఉద్ధృతి హెచ్చు. ఎక్కువగా దెబ్బతినునవి కొర్రమీను, మట్టగిడస, పరిగె. గమనింపుడు. మనము పట్టదలచిన చేపయు, దానికి ఎరగా వేయు చేపయు ఈ వ్యాధికి సులువుగా లోనగునవే. రోగపు చేపయే గాక అది యున్న నీరును, తడి వలయు దీనిని ఒక చెరువునుండి మరియొక చెరువునకు మోయగలవు.

రెండవ ప్రమాదము పరాయి చేపలు. జిలేబీ చేప యని జనులు పిలుచు తిలాపియాను మన దేశమునకు 1952లో తెచ్చిరి. అది త్వరత్వరగా పిల్లలుపెట్టి, చెరువునిండ చిన్న చేపలుగా క్రమ్ముకొని, ఇతర చేపల తిండిని తినివేయును. ఆఫ్రికా మార్పు అంతకంటె అపాయకరము. అది కనిపించిన చేపనెల్ల తినును. దాని పెంపకమును కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. ఈ రెండును మొండిప్రాణము గలవి. ముల్లుమీద చాలసేపు బ్రతుకునని కొందరు వీటి పిల్లలను ఎరగా వాడగోరుదురు. ముల్లునుండి జారిపోయిన జత చేపలు ఒక చెరువును పాడుచేయ చాలును. వీటిని ఎరగా వాడనే రాదు. ఇంటిలో అద్దపుతొట్టిలో పెంచు రంగు చేపలకును ఇదే నియమము.

కావున మిగిలిన ఎరను పట్టిన నీటిలోనే విడువవలెను. వేరొక చోటినుండి తెచ్చినదైనచో ఎంత జాలి కలిగినను చెరువులో విడువరాదు. దానిని చంపి పెంటగుంటలో పూడ్చినచో ఎరువగును. కుండలోని నీటిని చెరువునకు, కాలువకు దూరముగా మెట్టనేలపై పారబోయవలెను. కుండను, బుట్టను, వలను కడిగి ఎండలో పూర్తిగ ఆరిన తరువాతనే మరియొక చెరువునకు తీసికొనిపోవలెను. ప్రాణము పోయుదు మనుకొని రోగమును పోయుట పుణ్యము కాదు.

గాలము వేయరాని కాలము

మృగశిర కార్తె ప్రవేశించిననాడు చేప తినుట మనకు ఆచారము. ఆనాడు ప్రతి ఊరిలోను చేపకు గిరాకీ. కాని సరిగా ఆ తొలకరి వానలతోనే కొర్రమీను సంతానమునకు సిద్ధమగును. ఆడ, మగ చేపలు జతకట్టి, మొక్కల నడుమ కొంత తావును శుభ్రపరచి, అచ్చట గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు పసుపువన్నెతో నీటిపై తేలుచుండును. రెండు దినముల లోపుగానే పిల్లలు వెలువడును. పిమ్మట ఆ పిల్లలు ఎర్రని కాషాయపు వన్నెతో ఒక్క ముద్దగా నీటిపై తిరుగుచుండును. తల్లిదండ్రులు వాటి క్రిందనే కావలి కాయుచుండును. ఆ దరికి కప్ప వచ్చినను, చేప వచ్చినను మీదపడి కరచును.

ఆ సమయమున ఆ పిల్లల ముద్దమీద ఎర వేసినచో కొర్రమీను తప్పక పట్టును. ఆకలిచే గాదు, పిల్లలను కాపాడుకొనుటకు. ఇది తెలిసినవారు కొందరు దానినే నేర్పుగా చెప్పుకొందురు. కాని కావలి చేప పోయిన గంటలోనే పరిగెలు, జెల్లలు, నీటిపురుగులు వచ్చి ఆ పిల్లలను తినివేయును. ఒక చేప తీసికొన్నందుకు ఒక మంద నశించును. విత్తనపు బస్తాను వండుకొని తిను రైతు ఉండునా? ఇదియు అట్టిదే.

కాబట్టి తొలకరి మొదలు వర్షకాలము గడచువరకు ఎర్రని పిల్లల ముద్ద కనిపించిన తావున గాలము వేయరాదు. కొంకిలో పడిన కొర్రమీను అడుగు పొడవునకు తక్కువైనచో తడిచేతితో పట్టి విడిచిపెట్టవలెను. గాలమునందున్న గొప్ప గుణ మిదియే. వల చిన్నదానిని పెద్దదానిని ఒక్కటిగా తెచ్చును. గాలము ఒక్కొక్క చేపను తెచ్చి, ఉంచుకొనుటయో విడుచుటయో మన చేతిలో పెట్టును. మృగశిరనాటి కూరకు చెరువులలో పెంచిన బొచ్చె, శీలావతి చాలును.

గ్రామాధికారులకు మనవి

చెరువులలో చేపలు పట్టు హక్కు చాలచోట్ల మత్స్యకారుల సహకార సంఘములకు గాని, పంచాయతీ పాటదారునకు గాని ఉండును. వారి అనుమతి లేక గాలమైనను వేయరాదని గ్రామస్థులకు తెలుపవలెను. కొల్లేరు, పాకాల వంటి చోట్ల అభయారణ్య నిబంధనలు కూడ వర్తించును. ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలను చంపుట నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టమే చెప్పినది. కరెంటు తీగలు నీటిలో దింపుట చేపలకే గాక మనుష్యులకును, గొడ్లకును ప్రాణాపాయము. ఇట్టి పనులు కంటబడినచో ఉపేక్షింపరాదు.

కొర్రమీనుల ఒంటిపై పుండ్లు కనిపించినచో ఆ చెరువునుండి చేపలను, నీటిని, తడి వలలను వేరు చెరువులకు తీసికొనిపోకుండ దండోరా వేయించి, మత్స్య శాఖవారికి వెంటనే తెలుపవలెను. గట్లమీద తెగిన నైలాను దారము విడువరాదని కూడ చెప్పవలెను. అది పక్షుల కాళ్లకు చుట్టుకొనును. మేతతో పాటు గొడ్ల కడుపులోనికి పోవును.

గుర్తుంచుకొనవలసిన ముఖ్యాంశములు

1. ఏ నీటిలో గాలము వేయుదురో ఆ నీటి ఎరనే వాడవలెను.
2. ఎరను చల్లగా, పలుచగా, నీడలో నుంచవలెను. తడిచేతితో పట్టవలెను.
3. ముల్లు వెన్నెముకకు తగులరాదు. మొన వెలుపల నుండవలెను.
4. నీరసించిన ఎరను వెంటనే మార్చవలెను.
5. కప్పను, తిలాపియాను, ఆఫ్రికా మార్పును ఎరగా వాడరాదు.
6. వేరుచోటి ఎరను, దాని నీటిని చెరువులో పోయరాదు.
7. పిల్లలను కాయు కొర్రమీనుపై ఎర వేయరాదు.

కొర్రమీను నేడు తెలంగాణ రాష్ట్రపు చేపగా గౌరవము పొందినది. కాని దానిని కాపాడునది బిరుదు కాదు. సాయంకాలము గాలము చుట్టి ఇంటికి బయలుదేరునపుడు కుండను ఎచ్చట బోర్లించుచున్నాము అను దానిపైననే అది ఆధారపడి యున్నది. రైతు సోదరులు ఈ చిన్న విషయమును పాటించి, తమ పిల్లలకు కూడ నేర్పుదురని ఆశించుచున్నాను.